గింజల్లేని పిచ్చుకలు

కొత్తపేటలో రామచంద్రం చీరల దుకాణానికి వెబ్‌సైటు వచ్చిందన్న సంగతి, దాన్ని చూసినవాళ్ళకంటే రామచంద్రం నోట విన్నవాళ్ళకే ఎక్కువ తెలుసు. చీర కొనడానికి వచ్చినవాళ్ళకు చూపించడం సరే, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన మనిషిని కూడా కూర్చోబెట్టి, ఫోను ఆయన ముఖానికి దగ్గరగా పెట్టి, బొటనవేలితో పైకీ కిందికీ జరుపుతూ, "మా కోడలు చేసింది. ఇంకెవల సాయం లేదు, ఒక్కతే" అనేవాడు. పాపం ఆ మనిషి బాగుందనేదాకా బిల్లు చేతిలోకి తీసుకునేవాడు కాదు.

ఆ కోడలు వాసంతి. డిగ్రీ అయ్యాక ఎల్బీనగర్‌లో ఒక కాల్ సెంటర్‌లో చేరి, ముక్కూ ముఖం తెలియనివాళ్ళు తిట్టే తిట్లు వినీ వినీ విసిగిపోయి, పెళ్ళయ్యాక ఆ ఉద్యోగానికి ఒక దండం పెట్టేసింది. అయితే ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తులో వెబ్‌సైట్లు చెయ్యడం నేర్పే చక్రపాణి గారి క్లాసులో చేరింది. చక్రపాణిది గుడివాడ వైపు. పట్నం వచ్చి ఎన్నేళ్ళయినా మాట మాత్రం మారలేదు. కొత్తగా ఏది వచ్చినా అందరికంటే ముందు తాను నేర్చుకుని పిల్లలకు చెప్పెయ్యాలన్న పిచ్చి ఆయనది. ఆ ఏడు ఆయన సైట్లు చెయ్యడానికి ఒక కొత్త ఫ్రేమ్‌వర్కు పట్టుకొచ్చాడు.

"చూడండమ్మా, ఇదివరకట్లా ఒక్కో పేజీకి దారి వేసుకుంటూ కూర్చోనక్కర్లేదు. పేజీల ఫోల్డర్లో ఒక ఫైలు పడేస్తే చాలు, దానంతట అదే పేజీ అయిపోయి కూర్చుంటుంది. పైన మెనూలో దాని పేరు కూడా అదే రాసేసుకుంటుంది" అని సొంత బిడ్డ గొప్ప చెప్పుకున్నంత మురిపెంగా చెప్పాడు. ఇంకో మాట ఆయన రోజూ చెప్పేవాడు. "ఫోను ముందు. కొనేవాళ్ళ చేతిలో ఉండేది ఫోను. పెద్ద తెర మీద ఎంత అందంగా ఉంటే ఏం లాభం, ఫోనులో ఇరుక్కుపోయిందంటే మన పని అయిపోయినట్టే."

ఆ మాటను వాసంతి వేదవాక్కులాగా పట్టుకుంది. భర్త అరుణ్‌కుమార్ పాత లాప్‌టాప్ తెరిచి, తెరలో ఎడమ సగం కోడు, కుడి సగం సైటు పెట్టుకుని నెలల తరబడి కూర్చుంది. సగం తెరలో సైటుకు చోటు చాలదు కాబట్టి అది ఎప్పుడూ ఫోను ఆకారంలోనే కనిపించేది. ఆమెకూ కావలసింది అదే. ఫ్రేమ్‌వర్కు తనంతట తాను రాసే మెనూ అక్షరాలు అత్త తిరుపతమ్మ కళ్ళకు ఆనలేదు. అందుకని ఫోను మెనూ ఒక్కటీ వాసంతి తన చేత్తో వేరే రాసింది: మొదటి పేజీ, చీరలు, మా పోచంపల్లి, మా దుకాణం. అక్షరాలు బస్సు బోర్డు మీద ఉన్నంత పెద్దవి. పెద్ద తెర మెనూను దాని ఖర్మకు వదిలేసింది. అల్మాస్‌గూడలోని వాళ్ళింట్లో గానీ, కొత్తపేట దుకాణంలో గానీ పెద్ద తెర మీద చూసేవాళ్ళెవరున్నారు?

ఇక రామచంద్రం ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్ళది పోచంపల్లి. అతని తండ్రి కాలంలో, కొత్తగా వేసిన ఒక డిజైను చీరను ఎవరిదో పెళ్ళిలో చుట్టాలకు విప్పి చూపిస్తే, ఆ నెల తిరక్కుండానే అది ఇంకొకరి మగ్గం మీద కనిపించిందట. ముసలాయన ఆ దిగులుతోనే మంచం పట్టాడని ఇంట్లో చెప్పుకుంటారు. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కొత్త రకం చీరను లోపలి వైపు పైకి వచ్చేటట్టు మడత పెడతారు. శ్రావణమాసం మొదటి శుక్రవారం పొద్దున మార్కండేయుడి గుడిలో పెట్టి మొక్కిన తరువాతే దుకాణంలో విప్పుతారు. అంతవరకు అల్లుడు వచ్చి అడిగినా చూపించరు. రామచంద్రం దేవుడిని కూడా అంత నిష్ఠగా నమ్మడేమో గానీ ఈ మడతను నమ్ముతాడు.

ఆ ఏటి కొత్త రకం యాదమ్మది. యాదమ్మ రామచంద్రానికి చిన్నాయన బిడ్డ, చెల్లెలి వరస. భర్త పోయాక పోచంపల్లిలో ముందరి గదిలో మగ్గం పెట్టుకుని ఒక్కతే ఉంటోంది. నూలు రామచంద్రం పంపుతాడు, నేసిన చీరలు అతనే తీసుకుంటాడు. వేరే ఆధారం లేదు, వేరే షావుకారు లేడు. ఒకనాడు ఇంటి ముందు కరెంటు తీగల మీద వాలిన పిచ్చుకలను చూసి ఆమెకు ఈ చీర తోచింది. గీతల కాగితం మీద బొమ్మ గీసుకుని, నూలు పోగులకు కట్లు కట్టి, రంగులో ముంచి, ఎండబెట్టి, కట్లు విప్పి, మళ్ళీ కట్టి, అట్లా నెలలకు నెలలు చేసింది. ఆవపువ్వు రంగు చీర మీద తీగలు తీగలుగా బూడిద రంగు పిచ్చుకలు. అంచుకు ఆనుకుని అడుగున ఒక వరస గింజలు, పిచ్చుకల కోసం ఎవరో చల్లినట్టు.

మొదటి చీర వచ్చిన రోజున రామచంద్రం దాన్ని ఇంట్లో తలుపులు వేసి విప్పాడు. తరువాత, "మా చెల్లె చేతుల సరస్వతి ఉన్నది" అన్నాడు. వాసంతి ఆ గదిలోనే దండేనికి వేసి ఫోటో తీసింది. శ్రావణ శుక్రవారం పొద్దున్నే పాత ఖాతాదారుల ఫోన్లకు పంపడానికి సిద్ధంగా ఉండాలని 'కొత్త రకం' అని ఒక పేజీ చేసి పెట్టింది. ఫోను మెనూలో ఆ పేరు రాయలేదు. ఆ రోజు రాగానే ఒక్క ముక్క చేరిస్తే సరిపోతుంది. పేజీలో బొమ్మలన్నీ ఒకే కొలతలో చదరంగా కనిపించాలని కత్తిరింపు పెట్టినందువల్ల అడుగున గింజల వరస తెగిపోయింది. అదీ చూసింది. ఎవరికీ కనిపించని పేజీయే కదా, నిదానంగా సరిచేద్దామనుకుంది. మామ ఫోను తీసి మెనూ చూసుకుని, అందులో కొత్త రకం లేదని తృప్తిపడ్డాడు.

ఆషాఢం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్ల మీద డిస్కౌంటు బోర్డులు మొలిచాయి, ఫుట్‌పాత్‌ల మీద చీరలు కుప్పలు పడ్డాయి. తిరుపతమ్మ గాజుల కోసమని వెళ్ళి, గాజులు కొనకుండానే తిరిగొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో ఒక పలచటి ప్లాస్టిక్ కవరు. దాన్ని భర్త ముందు పెట్టి, "సూడు" అన్నది.

కవరులోంచి జారింది ఒక ప్రింటు చీర. ఆవపువ్వు రంగు. తీగలు. తీగల మీద పిచ్చుకలు.

రామచంద్రం దాన్ని చేతిలోకి తీసుకోలేదు. నేల మీద పడి ఉన్నదాన్ని అట్లాగే వంగి చూశాడు. "గింజలు గూడ ఎయ్యలే దొంగలు" అన్నాడు. పెద్ద మనిషి కళ్ళల్లో నీళ్ళు చూడలేక వాసంతి లోపలికి వెళ్ళిపోయింది.

కోపం వచ్చాక అతనికి మనిషి దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆదివారాలు పోచంపల్లికి మగ్గాలు చూడటానికి పట్నం నుంచి జనం వస్తారు. వేసవిలో ఒకసారి ఇద్దరు ఆడపిల్లలు వచ్చి మగ్గం దగ్గర ఫోటోలు దిగారని యాదమ్మే నవ్వుకుంటూ ఫోనులో చెప్పింది. అప్పుడు అతను కూడా నవ్వాడు. ఇప్పుడు అదే మాట గుర్తు తెచ్చుకుని పళ్ళు నూరాడు. "గామెనే! ఇంకెవలున్నరు చూసినోళ్ళు? మన నలుగురం, గామె!" అని అక్కడికక్కడే యాదమ్మకు ఫోను చేశాడు. అవతలి మాట వినపడలేదు గానీ ఇవతలి మాట వీధి చివరిదాకా వినపడింది. "మగ్గం మీదున్నది నేసియ్యి. గంతే. ఇంక నా నూలు నీ గడప తొక్కది."

అతను ఫోను పెట్టేశాక వాసంతి ఒక మాట అన్నది. తరువాత ఆమెను తినేసిన మాట అదే. "ఎవళ్ళను పడితే వాళ్ళను ఇంట్లకు ఎట్ల రానిచ్చింది యాదమ్మత్త?" అన్నది. నిజంగానే కోపంతో అన్నది. అప్పటికి ఆమె మనసు కడిగిన గిన్నెలా ఉంది.

ఆ వారంలోనే చక్రపాణి గారి దగ్గరనుంచి ఫోను వచ్చింది. "కొత్త బ్యాచి మొదలైందమ్మా. నేను వంద చెప్పినా నమ్మరు, నువ్వొచ్చి నీ సైటు చూపిస్తే నమ్ముతారు. ఒక్క అరగంట రా తల్లీ" అన్నాడు. ఇంట్లో ఉన్న దిగులు నుంచి కాసేపు బయటపడొచ్చని వాసంతి వెళ్ళింది. క్లాసులో బెంచీలు నిండిపోయి ఉన్నాయి. కింద టిఫిన్ సెంటర్ నుంచి దోశల వాసన వస్తోంది. తెల్లటి గోడే తెర. లాప్‌టాప్‌కు ప్రొజెక్టరు తీగ తగిలించింది. సైటు మొదటిసారి తన నిండు వెడల్పుతో గోడ మీద పరుచుకుంది.

బాగుందనుకుంది. గోడంత దుకాణం. బెంచీల మీది పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. వాసంతి ఫోల్డర్ల సంగతి, పేజీల సంగతి చెప్పుకుంటూ పోతోంది. చక్రపాణి వెనకనుంచి అడిగాడు.

"అన్నీ చూపించావు, ఆ చివరిది వదిలేశావేంటమ్మా? కొత్త రకం."

వాసంతి గోడ వైపు తిరిగింది. పైన మెనూ వరసగా ఉంది. మొదటి పేజీ, చీరలు, మా పోచంపల్లి, మా దుకాణం, కొత్త రకం. ఫైలు పడేస్తే చాలు, పేరు కూడా అదే రాసేసుకుంటుంది. రాసేసుకుంది. పెట్టిన రోజునుంచీ అక్కడే ఉంది.

"నొక్కమ్మా, చూద్దాం" అన్నాడాయన. నొక్కింది తానో, పక్కనుంచి ఆయనో వాసంతికి ఇప్పటికీ గుర్తు లేదు. గోడ నిండా పిచ్చుకలు వాలాయి. ఒక్కొక్కటి పావురమంత ఉంది. తీగలున్నాయి, అడుగున గింజలు మాత్రం లేవు. సరిగ్గా గింజల దగ్గర కత్తిరింపు పడింది. ఫుట్‌పాత్ చీర ఎక్కడ ఆగిందో ఈ బొమ్మ కూడా అక్కడే ఆగింది. చీరను మగ్గం మీద చూసి దొంగిలించినవాడైతే గింజలు కూడా ఎత్తుకుపోయేవాడు. ఈ బొమ్మను చూసినవాడికే గింజల సంగతి తెలియదు.

తరువాత వాసంతి ఏం చెప్పిందో, పిల్లలు ఏం అడిగారో, అంతా నీళ్ళ అడుగునుంచి విన్నట్టు విన్నది. తీగ పీకి లాప్‌టాప్ మూస్తుంటే చక్రపాణి దగ్గరికొచ్చి, "చాలా బాగా చేశావమ్మా. ఆ ఒక్క ఫోటో అడుగున తెగిపోయింది, సరిచేసుకో" అన్నాడు.

"సరే సార్" అన్నది వాసంతి.

మెట్ల మీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచి, ఆ ఫైలును ఫోల్డర్లోంచి తీసి పక్కన పడేసింది. సైటులోంచి పేజీ పోయింది. పెద్ద మెనూలోంచి పేరు కూడా దానంతట అదే పోయింది. ఫ్రేమ్‌వర్కు చాలా బుద్ధిమంతురాలు, ఏం చెబితే అది చేస్తుంది. తప్పు దాని మీదికి తోసే వీలు కూడా వాసంతికి దొరకలేదు.

సాయంత్రం అరుణ్‌కుమార్ ఆఫీసునుంచి రాగానే డాబా మీదికి తీసుకెళ్ళి అంతా చెప్పింది. అతను చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తరువాత అతనన్న మాటలు మంచివి కావు.

"నువ్వు కావాల్నని చేసినవా? లేదు గదా" అన్నాడు. "పేజీ తీసేసినవ్ గదా, అయిపాయె. ఇప్పుడు చెప్తే గా చీర వెనక్కొస్తదా? నాయిన మనసు ఇంకింత పరేషాన్ అయితది, గంతే. బజార్ల అందరికీ నీ గురించే చెప్పుకుంటున్నడు."

"మరి యాదమ్మత్త?"

"నాయిన కోపం ఎన్ని రోజులుంటది? ఆమె ఒచ్చి ఒక్క మాట అంటే కరిగిపోతడు. నీకు తెలువదా?" అని, "విశ్వేశ్వరరావు సార్ కూడ మొన్న అడిగిండు, ఆయన స్టీలు సామాన్ల షాపుకు సైటు నువ్వే చెయ్యాల్నట. ఇది తెలిస్తే ఏమంటడు? ఇంట్ల గుట్టే దాచనిది మాకేం చేస్తదంటడు. నీ పని మొదలు కాకముందే మూతబడ్తది" అన్నాడు.

ఆ ఆఖరి మాట సూటిగా తగిలింది. వాసంతి ఆ రోజు మామకు చెప్పలేదు. మరునాడు చెప్పలేదు. అన్నం పెట్టేటప్పుడు చెబుదామనుకుంటుంది, అతను ముద్ద నోట్లో పెట్టుకుని, "మనోళ్ళే మనల్ని ముంచిన్రు" అంటాడు, ఈమె మాట మింగేస్తుంది. దుకాణంలో ఎవరైనా వెబ్‌సైటు అనగానే అతను మునుపటి అలవాటు కొద్దీ ఫోను తీసి, "మా కోడలు" అని మొదలుపెడతాడు. ఆమెకు అక్కడ నిలబడ్డ నేల విడిచి పోవాలనిపించేది. సిగ్గుపడిందని చెప్పడం సరిపోదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

శ్రావణం ముందరి ఆదివారం రామచంద్రం వాసంతితో, "యాదమ్మ ఒస్తున్నది. ఒప్పుకుంటే నూలు సంగతి చూస్త అని కబురు పెట్టిన. ఎల్బీనగర్ల బస్సు దిగుతది, జర బండి మీద తీస్కరా" అన్నాడు. అతని గొంతులో అప్పటికే సగం కోపం లేదు. అరుణ్‌కుమార్ భార్య వైపు చూసి, నేను చెప్పలేదా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ నీడన యాదమ్మ నిలబడి ఉంది. మనిషి చిక్కిపోయింది. పక్కన ఒక గోనెసంచి ఉంది. మిగిలిన నూలంతా చుట్టలు చుట్టలుగా కట్టి తిరిగి తెచ్చింది. వాసంతిని చూడగానే నవ్వింది. ఆ నవ్వు చూడలేక వాసంతి సంచి ఎత్తి బండికి ముందు పెట్టుకునే పనిలో పడింది.

"బిడ్డా, జర ఆగు" అన్నది యాదమ్మ. "ఒక్క మాట అడుగుత. నేను ఎవలకు సూపియ్యలే. గా పిల్లలు ఒచ్చిన్నాడు మగ్గం మీద దుప్పటి కప్పే ఉన్నది. మార్కండేయ సామి మీద ఒట్టు."

"అవునత్తా" అన్నది వాసంతి. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చుట్టూ బస్సుల హారన్లు, ఎవరూ వినరు, ఇద్దరే ఉన్నారు. నోరు తెరిచింది కూడా.

"అయినా ఒప్పుకుంట" అన్నది యాదమ్మ. "నూలు లేకుంటే నేనేం జెయ్యాలె బిడ్డా? పక్కింటోళ్ళ మగ్గం సప్పుడు ఇనుకుంట కూసోవాల్నా? ఏమో, గాలికి దుప్పటి గిన తొలిగిందో ఏమో. రేపొచ్చే రాఖీ పండుగల అన్న మొకం సూడకుంట ఉండలేను. గానీ నాకు గిట్ల ఒప్పుకునుడు అలవాటు లేదు. ఏడుపొస్తది, కోపమొస్తది, ఇంకేదో అంట. నువ్వు సదువుకున్నదానివి. ఎట్ల అనాల్నో నువ్వు చెప్పు."

వాసంతి ఆమె ముఖంలోకి చూసింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడినుంచి ఇంకో మాటగా మారి బయటపడింది. "తప్పైందన్నా, ఇంకోసారి గిట్ల కానియ్య, అను అత్తా. గంతే సాలు. ఇంకేం అనకు."

"తప్పైందన్నా, ఇంకోసారి గిట్ల కానియ్య" అన్నది యాదమ్మ, పాఠం అప్పజెప్పినట్టు.

బండి కదిలింది. మెట్రో స్తంభాల పక్కనుంచి కొత్తపేట దాకా పెద్ద దూరమేం కాదు. ఆ దూరమంతా యాదమ్మ వెనక కూర్చుని, వాసంతి భుజం మీద చెయ్యి వేసి, ఆ మాటను మెల్లగా అనుకుంటూనే ఉంది. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా వాసంతి చెవికి స్పష్టంగా వినిపించింది. తప్పైందన్నా. ఇంకోసారి గిట్ల కానియ్య. ఒకసారి మధ్యలో తడబడి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

దుకాణంలో చీరలు పరిచే తెల్లటి పరుపు మీద రామచంద్రం కూర్చుని ఉన్నాడు. పక్కన తిరుపతమ్మ. అరుణ్‌కుమార్ గల్లా దగ్గర నిలబడి ఉన్నాడు. యాదమ్మ చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, నిలబడే, కళ్ళు దించుకుని, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ఒక్క ముక్క తేడా లేకుండా అన్నది.

"తప్పైందన్నా. ఇంకోసారి గిట్ల కానియ్య."

రామచంద్రం ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నాడు కాబట్టి వెంటనే కరిగిపోయాడు. "కూసో చెల్లె, కూసో" అన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "గా మాట మొదలే అంటే అయిపోతుండె గదా. నాకేమన్న నీ మీద పగనా? మనింట్ల కట్టుబాటు ఒకటున్నది, తప్పొద్దు, గంతే." తిరుపతమ్మకు చాయ్ చెప్పమన్నాడు. కోడలి వైపు తిరిగి, "వాసంతీ, గా కొత్త నూలు సంచి తీసియ్యి అత్తకు" అన్నాడు. అరుణ్‌కుమార్ గట్టిగా ఊపిరి వదిలాడు. అందరి ముఖాలూ తేటపడ్డాయి. ఇంక చెయ్యవలసింది ఒక్కటే, వాసంతి నోరు మూసుకుని సంచి తెచ్చి ఇవ్వడం.

ఆమె లోపలికి వెళ్ళింది. నూలు సంచి మీద చెయ్యి వేసింది. గోడకు తగిలించిన తన బ్యాగులో లాప్‌టాప్ ఉంది. బయట యాదమ్మ చాయ్ వద్దంటోంది, తిరుపతమ్మ తాగమంటోంది. సిగ్నల్ దగ్గర తడబడి మళ్ళీ మొదలుపెట్టిన గొంతు అది.

వాసంతి సంచి వదిలేసి లాప్‌టాప్ తీసింది. పక్కన పడేసిన ఫైలును మళ్ళీ ఫోల్డర్లో పెట్టింది. సైటును తెర నిండా చేసి, బయటికొచ్చి, పరుపు మీద మామకూ యాదమ్మకూ మధ్య పెట్టింది. మామ దుకాణానికి తెచ్చి గల్లా కింద దాచిన ఫుట్‌పాత్ చీరను లాగి దాని పక్కనే పరిచింది. అరుణ్‌కుమార్ "వాసంతీ" అని ఒక అడుగు ముందుకేశాడు. ఆమె వినిపించుకోలేదు.

"మామా, నువ్వెప్పుడూ ఫోన్ల చూసినవ్. పెద్ద తెర మీద గిట్ల కనిపిస్తది. పైన చూడు."

రామచంద్రం కళ్ళద్దాలు సర్దుకుని పేర్లు ఒక్కొక్కటే చదివాడు. ఆఖరి పేరు దగ్గర ఆగిపోయాడు. వాసంతి దాని మీద నొక్కింది. పిచ్చుకలు వచ్చాయి.

"నేను పెట్టిన. ఫోన్ల కనిపించకుండ చేసి, దాచిన అనుకున్న. ఇన్ని రోజులు లోకమంత చూసింది. ఫోటో అడుగుకు తెగింది, చూడు, గింజలు లేవు. గీ చీరకు కూడ లేవు. దొంగలు దీన్ని చూసి ఏసిన్రు. యాదమ్మత్త ఎవలకు చూపియ్యలే." అని, మళ్ళీ మామ వైపు తిరిగింది. "నాకు తెలిసి కూడ దినాలైంది మామా. చెప్పలే."

రోడ్డు మీద ఎవరో జామపండ్ల బండి తోసుకుపోతూ కేకలు వేస్తున్నారు. రామచంద్రం తెర వైపు చూశాడు, చీర వైపు చూశాడు, కోడలి ముఖం మాత్రం చూడలేదు. చెల్లెలి వైపు తిరిగి, "మరి చెయ్యనిది ఎందుకు ఒప్పుకున్నవే?" అన్నాడు. అరిచినట్టే అన్నాడు గానీ అందులో కోపం లేదు, భయం ఉంది.

"ఒప్పుకుంటేనే నూలు అన్నవ్ గదన్నా" అన్నది యాదమ్మ.

ఇప్పుడు తప్పైందని అనవలసింది రామచంద్రం. యాదమ్మ ఎంతసేపు చూసినా అతని నోట ఆ మాట రాలేదు. ఆమె లేచి, పమిట సర్దుకుంది. "మగ్గం మీద ఒక చీర మిగిలున్నది. అది నేసి పంపిస్త. తర్వాత నాకు నూలు పంపకు" అని, గడప దాకా నడిచి చెప్పులు వేసుకుంది. తిరుపతమ్మ వెనకాలే వెళ్ళి చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంది.

వాసంతి బండి తాళం తీసుకుని పరుగెత్తింది. "అత్తా, బస్సు దాకా దింపుత. ఎక్కు అత్తా."

యాదమ్మ ఆగింది. ఆమె ముఖంలో తిట్టే మనిషి కనిపించలేదు. తిడితే బాగుండుననిపించింది వాసంతికి. యాదమ్మ ఆమె చేతిలోని తాళం చూసి, బండి చూసి, ఏదో లెక్క కుదరనట్టు అడిగింది.

"చౌరస్తా కాడ నాకు గా మాట నేర్పిచ్చినప్పుడు కూడ నీకు ఎరికేనా బిడ్డా?"

వాసంతి తల ఊపింది. యాదమ్మ ఇంకేం అడగకుండా ఎల్బీనగర్ వైపు నడిచి వెళ్ళిపోయింది.